షెడ్డులో పిల్లతల్లి కథ తీయాలంటే

కాడుగోడిలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు కుడతాను. ఎనిమిదేళ్ల నుంచి షార్ట్ ఫిల్ములకు బట్టలు కూడా చూస్తున్నాను. మారతహళ్లి పీజీల్లో ఉంటూ, వారమంతా కంపెనీ పని చేసుకుని, శని ఆదివారాల్లో కెమెరా అద్దెకు తెచ్చుకునే మన తెలుగు పిల్లలు బెంగళూరులో తక్కువేం లేరు. ఏడాదికి ఒకరిద్దరు తప్పకుండా అదే కథ పట్టుకొస్తారు. బిల్డింగు సైటులో పని చేసే పేదపిల్ల, చంకలో బిడ్డ, తాగొచ్చి కొట్టే మొగుడు, చివర్లో వాన. "అక్కా, చీర కాస్త చింపాలి, ముఖానికి మసి పుయ్యాలి" అంటారు.

నేను పదిహేడేళ్లకు తల్లినయ్యాను. కదిరి పక్క పల్లె నుంచి వచ్చి వర్తూరు దగ్గరి రేకుల షెడ్డులో దిగేటప్పటికి నాకు ఏడో నెల. ఇప్పుడు నలభై రెండు నిండాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే రాసి పెడుతున్నాను. మసి డబ్బా మూత తీసేముందు చదువుకోండి.

అసలు ఆ మసి మానేయండి. పగలంతా దుమ్ములో మునిగేవాళ్లకు సాయంత్రం స్నానం మీద ఎంత ఆశ ఉంటుందో మీకు తెలీదు. ట్యాంకరు రాని రోజు కూడా రెండు చెంబుల నీళ్లు దాచుకుని ముఖం కడుక్కుంటారు, పౌడరద్దుకుని బొట్టు పెట్టుకుంటారు. లేమి వేరేచోట కనిపిస్తుంది. జాకెట్టుకు కింది రెండు హుక్కులు ఊడిపోయి వాటి చోట పిన్నీసులుంటాయి. ఇంకో రెండు పిన్నీసులు అవసరానికని పసుపుతాడుకు వేలాడుతుంటాయి. సోమవారం కట్టిన చీర గురువారం మళ్లీ ఒంటి మీదికొస్తుంది. పాత్రకు మూడు చీరలకు మించి పెట్టకండి. అందులో ఒకటి పెళ్లి చీర, అది పెట్టెలోంచి బయటికే రాదు.

పనిలోకి పోయేటప్పుడు చీర మీద మొగుడి ఫుల్‌హ్యాండ్ చొక్కా వేసుకుంటుంది. ఎండ కోసం, సిమెంటు పడకుండా. ఈ చొక్కాతో ఒక షాట్ ఉంది, ఎవరూ తీయరు. పిల్ల మూడో అంతస్తులో ఉంటుంది, తలమీద బాండ్లి. కింద ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తుంది. తన బిడ్డే కానక్కర్లేదు, ఏ బిడ్డ గొంతు విన్నా బాలింతకు పాలు చేపుకొస్తాయి. చొక్కా ముందుభాగం తడుస్తుంది, రెండు రూపాయి బిళ్లలంత మరకలు మొదలై అరచేయంత అవుతాయి. ఆమె బాండ్లి దించలేదు, ఎందుకంటే వెనక వరసలో ఇంకా ఆరుగురు నిలబడి ఉన్నారు. పాలకు గోరువెచ్చటి నీళ్లలో కాస్త పాలపొడి కలిపి దూదితో లోపలి వైపు నుంచి అద్దుతాను. లేతరంగు చొక్కాకైతేనే మరక కనిపిస్తుంది, నీలం చొక్కా పెట్టి నన్ను తిట్టకండి.

చేతులు కూడా చూపించండి. సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. వేళ్ల సందుల్లో తెల్లగా పొరలు లేచి, గోళ్ల పక్కన పగుళ్లొస్తాయి. ఆ చేత్తో బిడ్డను ముట్టుకుంటే పసి ఒంటి మీద ఎర్రగా గీతలు పడతాయి. అందుకని మధ్యాహ్నం గంట కొట్టగానే నేను పరిగెత్తేది బిడ్డ దగ్గరికి కాదు, నీళ్ల డ్రమ్ము దగ్గరికి. ఒక మగ్గు నీళ్లతో మోచేతుల దాకా కడుక్కుని, చీర లోపలి కుచ్చిళ్లకు తుడుచుకుని (పైకొంగుకు సిమెంటు ఉంటుంది), కొబ్బరినూనె రెండు చుక్కలు రాసుకుని, అప్పుడు. అంతసేపూ పిల్ల గుక్కపెట్టి ఏడుస్తూనే ఉంటుంది. ఇది నిమిషంన్నర పని. కట్ చేయకుండా నిమిషంన్నరా చూపించండి. ప్రేక్షకుడికి చిరాకు రావాలి, "ముందు బిడ్డను ఎత్తుకోవే" అనిపించాలి. తర్వాత ఆ చేతులు దగ్గర్నుంచి చూపిస్తే వాడే ఊరుకుంటాడు.

ఒక కర్నూలు కుర్రాడు నాకు ల్యాప్‌టాప్‌లో రెండు విదేశీ సినిమాలు చూపించాడు. ఒకటి బెల్జియం అన్నదమ్ములు తీసిన 'లాన్‌ఫాన్', అంటే బిడ్డ అట. 2005లో కాన్ సినిమా పండుగలో అన్నిటికన్నా పెద్ద బహుమతి దానికే వచ్చింది. బాధ్యత తెలియని కుర్రతండ్రి పసిబిడ్డను డబ్బుకు అమ్మేసి, ఖాళీ తోపుడుబండి నెట్టుకుంటూ తల్లి దగ్గరికొస్తాడు. రెండోది లెబనాన్‌లో నదీన్ లబకీ తీసిన 'కపర్నౌమ్', 2018 నాటిది. కాగితాలు లేవని ఇథియోపియా తల్లిని పట్టుకుపోతే, ఆమె బిడ్డ ఒక పన్నెండేళ్ల పిల్లాడి పాలబడతాడు. వాడా పసివాణ్ణి వంటగిన్నెలో కూర్చోబెట్టి, ఆ గిన్నెను చక్రాల పలక మీదికెక్కించి, తాడుతో బేరూత్ వీధుల్లో లాక్కుపోతాడు. భాష నాకు ఒక్క ముక్క రాలేదు. బండి గుర్తుంది, గిన్నె గుర్తుంది. తెలివైనవాళ్లు కథంతా ఒక వస్తువులో పెట్టేశారు. మన షెడ్డు పిల్లకు తోపుడుబండి ఎక్కడిది? ఆమెకున్నది చీర ఉయ్యాల. కాబట్టి స్క్రిప్టు రాసే ముందు ఉయ్యాల కట్టడం నేర్చుకోండి.

పాత నూలుచీర కావాలి. కొత్తది గట్టిగా ఉండి బిడ్డ ఒంటికి గీసుకుంటుంది, పాలియెస్టర్‌ది ముడి జారుతుంది. నాది మా అమ్మ కట్టి వదిలేసిన ధర్మవరం నూలుచీర, వక్కరంగు. చీరను రెండు మడతలు పెట్టి, రెండు కొసలనూ పైనున్న వాసం మీదుగా వేసి, బిగించి ముడెయ్యాలి, ఒకదాని మీద ఇంకొకటి, రెండు ముళ్లు. ముళ్లు బిడ్డ తలకు సూటిగా పైన ఉండకూడదు, కాస్త పక్కకు జరపాలి. మడత లోపల మూరెడు కర్ర అడ్డం పెడితే చీర రెండు పక్కలా తెరుచుకుని గాలి ఆడుతుంది. కర్ర పెట్టకపోతే చీర ముఖం మీదికి మూసుకుపోతుంది. షార్ట్ ఫిల్ముల్లో ఈ కర్ర ఎక్కడా కనిపించదు, అది చూడగానే మాకు తెలిసిపోతుంది వీళ్లు ఉయ్యాల బొమ్మ చూసి కట్టారని. ఎత్తు నేల నుంచి మోకాలి దాకా, అంతకు మించి వద్దు. చీమలెక్కకుండా ముడి దగ్గర కిరసనాయిలు గుడ్డ చుట్టేవాళ్లం. బిడ్డను వేసేముందు అర బస్తా సిమెంటు వేసి ఊపి చూడాలి. మేస్త్రీ తిట్టినా సరే, చూసుకోవాలి.

ఉయ్యాలకు ఒక తాడు కట్టి, ఆ తాడు కొస కాలి బొటనవేలికి తగిలించుకుని, నేను పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. చేతులు రొట్టె తడుతుంటాయి, కాలు ఉయ్యాల ఊపుతుంటుంది. మా తమ్ముడు చూసి "నువ్వు కుట్టు మిషనులా ఉన్నావక్కా" అన్నాడు ఒకసారి. వాడి నోటివాక్కే నిజమైంది, తర్వాత ఆ పనే తిండి పెట్టింది.

ఇక్కడ ఒక చట్టం సంగతి తెలిసుంటే ఉయ్యాల సీను ఇంకోలా రాస్తారు. యాభై మందికి మించి ఆడవాళ్లు పని చేసే సైటులో ఆరేళ్ల లోపు పిల్లలకు విడిగా గది ఉండాలని 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాసి ఉండేది. నేను ఐదు సైటుల్లో చేశాను. ఒక్కచోటా పిల్లలకు వాడగా చూడలేదు. ఒకచోట ఆ గది ఉండేది, అందులో టైల్సు పెట్టెలు పెట్టుకున్నారు. మీ కెమెరా ఆ గది తలుపు ముందు నుంచి ఒకసారి నడిచిపోతే చాలు, డైలాగు అక్కర్లేదు.

కథకు మలుపులు కావాలని హత్యలూ యాక్సిడెంట్లూ రాసుకొస్తారు. షెడ్డు పిల్లకు టీకా సూదే పెద్ద మలుపు. పుట్టినప్పుడు వేసినవి కాక ఆరు, పది, పద్నాలుగు వారాలకు సూదులుంటాయి. సర్కారు ఆసుపత్రిలో సూదికి పైసా తీసుకోరు. కానీ ఆ రోజు కూలి పోతుంది. రాత్రి బిడ్డకు జ్వరం కాస్తుంది, మర్నాటి కూలీ పోతుంది. నా రోజు కూలి అప్పట్లో 60 రూపాయలు, మగవాళ్లకు 100. ఊళ్లో పెళ్లికని మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు వారం వారం కోసుకుంటాడు. రెండు రోజులు పోతే శనివారం చేతికొచ్చేది ఎంత? ఆ లెక్క నేను బొగ్గుతో రేకు మీద వేసుకునేదాన్ని. ఒకసారి తప్పు కూడి, డబ్బులున్నాయనుకుని పిల్లకు గౌను కొన్నాను. మంగళవారానికి బియ్యం అయిపోయాయి. మీ స్క్రిప్టులో ఇలాంటి లెక్క ఒకటి పైసలతో సహా వేసుకోండి, మిగతా సీన్లు దాని వెంట వాటంతటవే వస్తాయి.

ఇప్పటి కథ తీసేవాళ్లు అంగన్‌వాడీ భోజనం కూడా చూపించాలి. కర్ణాటకలో 2017 అక్టోబరు నుంచి మాతృపూర్ణ అని గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం అన్నం, సాంబారు, గుడ్డు, పాలు, వేరుశనగ చిక్కీ పెడుతున్నారు. టీచరు కన్నడంలో "బాణంతి" అని పిలిస్తే మన పిల్లకు ఎవరిని పిలుస్తుందో తెలీక వెనక్కి తిరిగి చూస్తుంది. బాలింతే బాణంతి అని తెలుసుకునేటప్పటికి వారం పడుతుంది. గంట భోజనం విరామంలో సైటు నుంచి అంగన్‌వాడీకి నడిచి వెళ్లి, తిని, తిరిగి రాగలదా అన్నది మీరు కాలినడకన వెళ్లి వాచీ చూసుకుని రాయండి.

ఆసుపత్రి సీనులో వయసు దగ్గర జాగ్రత్త. మా రోజుల్లో నర్సమ్మ అడిగితే మా అత్త నా తరఫున "పంతొమ్మిది" అని చెప్పేసింది, రాసుకున్నారు. ఇప్పుడు ఆధార్ అడుగుతారు. పద్దెనిమిది నిండని పిల్ల గర్భంతో వస్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన 2012 నాటి పోక్సో చట్టం అది, పెళ్లయిందన్నా ఊరుకోదు. పైగా కర్ణాటకలో 2016 సవరణ చట్టం వచ్చాక చిన్నపిల్లల పెళ్లి చెల్లనే చెల్లదు. తొలికాన్పుకు కేంద్రం ఇచ్చే 5,000 రూపాయలూ ఆ వయసు పిల్లకు రావు. మరి నొప్పులు మొదలైన రాత్రి ఆ షెడ్డులో ఏం మాట్లాడుకుంటారో ఆలోచించండి. ఆసుపత్రికి పోతే ఇరవై ఏళ్ల మొగుణ్ణి పట్టుకుపోతారని అత్తకు భయం. పోకపోతే ఏమవుతుందో తెలిసిన ముసలమ్మ ఒకామె మూలన కూర్చుని ఉంటుంది. ఆ మొగుణ్ణి దయచేసి విలన్ చేయకండి. మీసం సరిగ్గా రాని కుర్రాడు, సెంట్రింగు పనిలో మేకు గుచ్చుకున్న కాలితో ఆటో కోసం పరిగెడతాడు.

ఒకవేళ కథ కోసం మీరు మాట్లాడే పిల్లే మైనరైతే ఆమె ముఖం, పేరు, ఊరు, షెడ్డు ఏదీ బయటికి రానివ్వకండి, చట్టం ఒప్పుకోదు. ఆమె ఆపదలో ఉందనిపిస్తే రికార్డింగు ఆపి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి. సినిమా తర్వాత. ఇంకొకటి, ఎవరి దగ్గర కూర్చుని రెండు గంటలు కథ విన్నా వాళ్ల ఆ రోజు కూలి ఇచ్చి లేవండి. "ఎక్స్‌పోజర్ వస్తుందక్కా" అన్నవాణ్ణి నేను షాపులోంచి పంపేశాను.

బిడ్డ విషయంలో నాకు కోపం ఎక్కువ, కాబట్టి గట్టిగానే చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక షూటింగులో నెలన్నర బిడ్డను లైట్ల కింద పెట్టారు. బిడ్డ హాయిగా నిద్రపోతోంది, డైరెక్టరుకు ఏడుపు కావాలి. అసిస్టెంటు కుర్రాడు దుప్పటి కింద చెయ్యి పెట్టి అరికాలు గిల్లాడు. నేను పక్కనే కుచ్చిళ్లు సర్దుతున్నాను, చూశాను. తల్లి కూడా చూసింది, డబ్బులు పోతాయని మాట్లాడలేదు. నేనూ ఆ క్షణాన మాట్లాడలేదు, బయటికొచ్చాక అరిచాను. అప్పుడేం లాభం? ఏడుపు శబ్దం విడిగా రికార్డు చేసుకోవచ్చు. ఏ ఇంట్లోనైనా ఆకలేళకు ఫోను పెడితే వద్దన్నా దొరుకుతుంది. మూడు నెలల లోపు బిడ్డను సెట్టుకు తేనే తేవద్దు. పెద్ద పిల్లలు నటించినా 2017 నాటి బాలకార్మిక నిబంధనలున్నాయి. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి, మన దగ్గర కలెక్టరు, ఇక్కడ డీసీ అంటారు. రోజుకు ఐదు గంటలకు మించకూడదు, ఏకధాటిగా మూడు గంటలు దాటకూడదు, పిల్లల సంపాదనలో 20 శాతం వాళ్ల పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి.

మరి బిడ్డ లేకుండా ఎలా అంటారా? మూడు కిలోల బియ్యం సంచిలో పోసి, తడిపి పిండిన టవలు చుట్టి, పైన గుడ్డ కప్పండి. అచ్చం పసిబిడ్డ బరువే. షూటింగుకు ముందు మీ హీరోయిన్ ఒక రోజంతా దాన్ని దించకుండా తిరగాలి. వంట, నీళ్లు మోయడం, బట్టలుతకడం, సులభ్‌కు పోవడం, అన్నీ. పోయిన ఏడాది చేసిన అమ్మాయి ఐటీలో టెస్టరు, ఎన్నడూ బిడ్డను ఎత్తుకున్నది కాదు. పొద్దున నవ్వుతూ ఎత్తుకుంది. మధ్యాహ్నానికి కుడిచేత్తో పని చేయడానికి దాన్ని ఎడమ చంకకు మార్చుకుంది, ఎవరూ చెప్పలేదు. సాయంత్రం గోడకు చేరబడి, సంచిని పొట్ట మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయింది. కెమెరా పిల్లాడు ఆ నిద్రను షూట్ చేసేశాడు. సినిమాలో అన్నిటికంటే బాగున్న షాట్ అదే.

యాస ఒక్కటి పట్టుకుని ఉండండి. మహబూబ్‌నగర్ పిల్ల అయితే ఆ మాటే, అనంతపురం పిల్ల అయితే ఆ మాటే. రెండూ కలిపి కొట్టి "పల్లెటూరి భాష" అనకండి. వయొలిన్ వద్దు. రేకుల మీద వాన, కాంక్రీటు కలిపే మిల్లరు తిరిగే చప్పుడు, ఉయ్యాల వాసం కిర్రుమనడం, అవి చాలు.

పూర్తయ్యాక ముందుగా షెడ్డువాళ్లకే చూపించండి. శనివారం వద్దు, పేమెంటు హడావుడి. ఆదివారం పగలు సంతకు పోతారు. ఆదివారం రాత్రి ఏడున్నరకు అన్నాలయ్యాక కూర్చుంటారు. పోయిన ఏడాది సినిమాను మేం రెండు షెడ్ల మధ్య తెల్ల దుప్పటి కట్టి చూపించాం. సిమెంటు చేతుల సీనులో ఆడవాళ్లు గొంతు తగ్గించారు. ఉయ్యాలలో కర్ర చూసి ఒకామె "ఆ, కర్ర పెట్టినారు" అంది. నాకు గర్వంగానే ఉంది. అప్పుడు ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి, దుప్పటి దగ్గరికెళ్లి, హీరోయిన్ చెవి మీద వేలు పెట్టింది.

"బాలింత కదమ్మా, చెవుల్లో దూది ఏదీ? తలకు గుడ్డ కూడా కట్టలేదు. చలిగాలి పోదూ?"

అందరూ నవ్వారు. డైరెక్టరు నా వైపు చూశాడు. పిన్నీసు దగ్గర్నుంచి పాలమరక దాకా చూసుకున్నదాన్ని, దూది ఎలా మరిచిపోయానో నాకే తెలియలేదు. రాత్రి షాపు షట్టరు దించుతుంటే తట్టింది. నాకు కాన్పయినప్పుడు అమ్మ ఊళ్లో ఉంది, అత్త పనిలో ఉంది. నా చెవుల్లో ఎవరూ పెట్టలేదు.

మర్నాడు మెడికల్ షాపులో దూది కట్ట కొన్నాను. బాలింత సీన్లు నాలుగూ పై ఆదివారం మళ్లీ తీశారు. దూది పెట్టింది ఆ ముసలమ్మే, మనవరాలికి పెట్టినట్టు గట్టిగా కుక్కింది. టెస్టరమ్మాయికి "యాక్షన్" అన్న మాట వినపడక రెండు టేకులు పోయాయి.